జానెడు జరిగితే మారే మాట

1980ల చివర్లో ఆదివారం సినిమా వేళయిందంటే రాయలసీమ మిద్దెల మీద ఒక తతంగం నడిచేది. ఇంటాయన పైన యాంటెన్నా పైపు పట్టుకుని నిలబడేవాడు. పిల్లవాడు కింద టీవీ ముందు కూర్చుని కేకలేసేవాడు.

"వచ్చిందేమ్‌రా?"

"వచ్చింది నాయనా! కానీ ఒక్కో మనిషి పక్కన ఇంగో మనిషి ఉండాడు!"

"ఇప్పుడో?"

"ఆఁ... ఆఁ... పాయ, పాయ! ఎనిక్కి తిప్పు!"

ఆ రెండో మనిషిని కొందరు నీడ అన్నారు, కొందరు దెయ్యం అన్నారు. టీవీ మెకానిక్కులు కూడా దాన్ని ఘోస్ట్ అనే పిలిచేవాళ్ళు. దూరదర్శన్ టవర్ నుంచి బయల్దేరిన తరంగం ఒకటి నేరుగా యాంటెన్నాకు తగిలేది. అదే తరంగం ఏ గుట్టకో, వాటర్ ట్యాంకుకో కొట్టుకుని చుట్టుదారిన కాస్త ఆలస్యంగా మళ్ళీ వచ్చేది. పాత టీవీలో బొమ్మను ఎడమ నుంచి కుడికి గీత తర్వాత గీతగా గీస్తారు. తెర మీద కనబడే ఒక్కో గీతకు పట్టే సమయం 52 మైక్రోసెకన్లు, అంటే సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో 52 ముక్కలు. 20 అంగుళాల టీవీలో బొమ్మ వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు. అలా చూస్తే ఒక్క మైక్రోసెకను ఆలస్యమైన బొమ్మ కుడివైపుకు ముప్పావు సెంటీమీటరు జరిగి కనబడుతుంది. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. కాబట్టి ఎవరైనా స్కేలు తెచ్చి తెర మీద హీరోకీ, పక్కనున్న దెయ్యానికీ మధ్య రెండు సెంటీమీటర్లు కొలిచి ఉంటే, ఆ రెండో తరంగం దాదాపు 780 మీటర్లు ఎక్కువ తిరిగి వచ్చిందని అక్కడికక్కడే చెప్పేయవచ్చు. స్కేలు పెట్టి కొలవగల దెయ్యం లోకంలో అదొక్కటే.

కేబుల్ వచ్చింది, డిష్ వచ్చింది, మిద్దె మీద పైపు ఉట్టి కట్టుకోవడానికో తీగ పాకడానికో మిగిలింది. దెయ్యం మాత్రం టీవీతో పాటు పోలేదు. డిజిటల్ రేడియోలోకి దూరింది. అక్కడ అది బొమ్మ పక్కన బుద్ధిగా నిలబడదు, మాటనే మింగేస్తుంది.

అమెరికాలో డల్లాస్‌కు ఉత్తరాన ప్లేనో అనే ఊరుంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న ఊళ్ళలో అదొకటి. ప్లేనో, ఆలెన్, వైలీ, మర్ఫీ - ఈ నాలుగు ఊళ్ళ పోలీసులూ ఫైరింజన్ల వాళ్ళూ ఒకే డిజిటల్ రేడియో వ్యవస్థను పంచుకుంటారు. టోర్నడోల రోజుల్లో ఏ వీధిలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి అక్కడి జనం ఆ రేడియో మాటలు వినిపించే, చేతిలో ఇమిడే స్కానర్లు కొనుక్కోవడం పాత అలవాటు. ప్రొద్దుటూరు నుంచి వెళ్ళి స్థిరపడిన ఇంజనీరొకాయన కూడా అలాంటిది కొన్నాడనుకుందాం. కొన్ని వందల డాలర్లు పోశాడు. ఇంట్లో కూర్చుని ఆన్ చేశాడు. సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. మాట మాత్రం నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తున్నట్టుగా, మధ్యమధ్య తెగుతూ వస్తోంది. సిగ్నల్ తక్కువేమోననుకుని పెద్ద యాంటెన్నా తగిలించాడు. ఇంకా పాడైంది. కారులో ఊరి చివరికి వెళితే, అక్కడ గీతలు సగానికి పడిపోయాయి, మాట మాత్రం గంట కొట్టినట్టు వినబడింది!

బలం పెరిగితే మాట చెడిపోవడం, తగ్గితే బాగుపడటం - ఈ తిరకాసుకు కారణం ఒకే మాటను చాలా టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి పలకడం. దాన్నే సైమల్‌కాస్ట్ అంటారు. అసలు అలాంటి ఏర్పాటు ఎందుకు చేస్తారో అర్థం కావాలంటే టెక్సాస్ మైదానం చాలదు. కొండలున్న చోటికి రావాలి.

ఆకాశవాణి కడప కేంద్రం 1963లో మొదలైంది. 900 కిలోహెర్ట్జ్ మీద వచ్చే ఆ మీడియం వేవ్ ప్రసారం ఒక్కో తరంగం పొడవు సుమారు 333 మీటర్లు. అంత పొడవాటి తరంగం నేలను అంటిపెట్టుకుని, గుట్టల మీదుగా వంగి పాకుతుంది. అందుకే పొలంలో వేరుశనగ కాయ పీకుతున్న కూలీల గట్టు మీది ట్రాన్సిస్టర్లోనూ కడప పలికింది. పోలీసుల చేతిలోని వీహెచ్ఎఫ్ సెట్టు సంగతి వేరు. దాని తరంగం పొడవు రెండు మీటర్లు. శక్తి చూస్తే అయిదు వాట్లు, రాత్రి బెడ్‌లైటుకు వాడే బల్బంత. అది దాదాపు చూపు ఆనినంత మేరే పోతుంది, కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది. కడప పట్నానికి ఒక పక్క నల్లమల, ఒక పక్క పాలకొండలు. కర్నూలు నుంచి తూర్పుకు కదిలితే 900 మీటర్లు దాటే శిఖరాలున్న నల్లమల. పడమట, దక్షిణాన ఎర్రమల. రేడియో ఇంజనీరు కళ్ళకు ఈ సీమంతా గోడలు కట్టిన గదుల వరుస.

ఆ గోడలేం చేయగలవో 2009 చెప్పింది. ఆ ఏడాది సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్‌తో ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో నల్లమల మీద సంబంధం తెగిపోయింది. పావురాలగుట్ట మీద శకలాలు కనబడేసరికి మర్నాడైంది. సరిగ్గా నెలకు, అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రి కర్నూలును ముంచెత్తాయి. 885 అడుగుల దగ్గర నిండాల్సిన శ్రీశైలం జలాశయం 896 అడుగులు దాటింది. కరెంటు పోయి ఫోన్లు మూగబోయినప్పుడు, పడవలో ఉన్నవాడూ ఒడ్డున ఉన్నవాడూ మాట్లాడుకోవాలంటే చేతిలో సెట్టుండాలి. ఆ సెట్టు పలకాలంటే దానికి కనబడే ఎత్తులో టవరుండాలి.

ఒక్క టవర్ చాలదు. గుట్టకొకటి కావాలి. అక్కడే చిక్కు మొదలవుతుంది. పది గుట్టల మీద, మాటను అందుకుని తిరిగి పంపే రిపీటర్లు పది పెట్టి, ఒక్కోదానికి ఒక్కో ఫ్రీక్వెన్సీ ఇస్తే అవి ఒకదాన్నొకటి చెరుపుకోవు. కానీ ఒక్క మాటకు పది దారులు ఖర్చవుతాయి. పైగా జీపు ఓర్వకల్లు దాటగానే ఒక ఛానల్, పాణ్యం చేరగానే ఇంకో ఛానల్ తిప్పుకోవాలి. దొంగను తరుముతున్న డ్రైవరు చేత అంత పని చేయించడం కష్టం. అన్ని టవర్లకూ ఒకే ఫ్రీక్వెన్సీ ఇచ్చి, అన్నింటి చేతా ఒకేసారి ఒకే మాట పలికిస్తే? ఛానల్ తిప్పే పనే లేదు, ఫ్రీక్వెన్సీ ఒక్కటి చాలు.

ఈ ఆలోచన ముసలిదే. 1939 సెప్టెంబరులో యుద్ధం ముంచుకు రాగానే బీబీసీ తన స్టేషన్లను ఒకే కార్యక్రమం కిందికి తెచ్చి, దూరదూరంగా ఉన్న ట్రాన్స్‌మిటర్లను గుంపులుగా కలిపి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిపింది. శత్రు విమానం రేడియో కెరటం వచ్చే దిక్కును పట్టుకుని ఊరి ఆచూకీ తీయకుండా చేయడం దాని ఉద్దేశం. అన్ని దిక్కుల నుంచీ ఒకే గొంతు వస్తుంటే ఏది ఏ ఊరని తేల్చడం? అక్కడ గందరగోళమే ఆయుధమైంది. పోలీసు రేడియోలో అదే గందరగోళం తలనొప్పి.

ఆ తలనొప్పిని చెవులతో విని తెలుసుకోవచ్చు. దేవుని కడప బ్రహ్మోత్సవాలప్పుడో, పెద్ద దర్గా ఉరుసప్పుడో వీధి పొడుగునా స్తంభాలకు కట్టిన హారన్లను గుర్తు తెచ్చుకోండి. మైకు ఒక్కటే, మాటా ఒక్కటే. ఒక హారన్ కింద నిలబడితే "తప్పిపోయిన బాబు కంట్రోల్ రూం దగ్గర ఉన్నాడు" అని చక్కగా వినబడుతుంది. నడుచుకుంటూ రెండు హారన్ల నడుమకు రాగానే మాట మాట మీద పడి అలుక్కుపోతుంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఒక హారన్ మీకు 34 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే దాని మాట సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. మనిషి గడగడా మాట్లాడేటప్పుడు ఒక్కో అక్షరానికి పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే. ఒక హారన్ 'బు' అనే వేళకు ఇంకోటి 'బా' దగ్గరే ఉంటుంది. బాబు ఎవరి బాబో తెలియదు. ఇక్కడ శబ్దం తక్కువై కాదు గదా, రెండు చెవులూ గింగురుమంటున్నాయి.

డిజిటల్ రేడియోకూ అక్షరాలుంటాయి. ఇంజనీర్లు వాటిని సింబల్స్ అంటారు. అమెరికా పోలీసులు ఎక్కువగా వాడే పద్ధతి పేరు పీ25. అందులో మొదటి తరం వ్యవస్థ సెకనుకు 4,800 సింబల్స్ పంపుతుంది, ఒక్కోదానిలో రెండేసి బిట్లు. ఒక్కో సింబల్‌కు 208 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో రేడియో తరంగం 62 కిలోమీటర్లు పోతుంది. అంటే కర్నూలులో మొదలైన ఒకే ఒక్క 'అక్షరం' తోక కర్నూలులోనే ఉండగా తల డోన్ దాటేస్తుంది. రెండో తరంలో సింబల్స్ సెకనుకు 6,000, పొడవు 50 కిలోమీటర్లు. రెండు టవర్ల దూరాల తేడా పదిహేను కిలోమీటర్లయితే, మొదటి తరంలో అక్షరం పావు వంతు పక్క అక్షరం మీదికి ఎక్కుతుంది. ఈ స్థాయిలోనే మామూలు రిసీవరు తడబడటం మొదలవుతుంది. టవర్లన్నిటికీ జీపీఎస్ ఉపగ్రహాల గడియారమే ఆధారం, అన్నీ ఒక్క క్షణంలోనే నోరు తెరుస్తాయి. అయినా వినేవాడు అన్నిటికీ సమాన దూరంలో ఉండడు కదా. అందుకే డిజైన్ చేసేవాళ్ళు కొన్ని టవర్లను కావాలనే కొన్ని మైక్రోసెకన్లు ఆపి పలికిస్తారు, చిక్కుముడి పడే చోటును ఊరి నడిబొడ్డు నుంచి జనం లేని చోటికి నెట్టడానికి. కర్నూలు, నంద్యాల మీదుగా అలాంటి వ్యవస్థ వేస్తే ఆ ముడిని నల్లమల అడవిలోకి తోసేయవచ్చు. అక్కడి పులులకు ఫిర్యాదు చేసే అలవాటు లేదు.

ఆలస్యం కథలో సగమే. రెండో సగం ఇంకా విచిత్రంగా ఉంటుంది.

రెండు టవర్ల నుంచి వచ్చే తరంగాలు సమాన బలంతో ఒకచోట కలిశాయనుకుందాం. ఒకదాని ఎత్తు రెండోదాని ఎత్తుతో కలిస్తే బలం పెరుగుతుంది. ఎత్తు పల్లంతో కలిస్తే రెండూ చెల్లు, అక్కడ దాదాపు ఏమీ ఉండదు. 850 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. టవర్లు చెరో దిక్కున ఉంటే, ఒక శూన్యానికీ తర్వాతి శూన్యానికీ మధ్య దూరం అందులో సగం, పదిహేడున్నర సెంటీమీటర్లు. బొటనవేలు నుంచి చిటికెన వేలి దాకా చాచిన జాన కంటే తక్కువ! టేబుల్ మీద ఇటు పెడితే మూగబోయిన స్కానర్, జానెడు అటు జరిపితే పలుకుతుంది. చొక్కా జేబులో ఒకలా, నడుముకు తగిలిస్తే ఇంకోలా. కొన్నవాళ్ళు సెట్టునే అనుమానిస్తారు, అమ్మినవాణ్ణి తిడతారు. పాపం ఇద్దరూ నిర్దోషులే.

ఇంతవరకూ ప్రకృతి చేసే పని. మిగతాది స్కానర్ చేసుకున్న పాపం. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

పాత స్కానర్లన్నీ ఎఫ్ఎం వినడానికి పుట్టినవి. ఎఫ్ఎంలో సమాచారమంతా తరంగం ఎంత వేగంగా ఊగుతోందన్న దానిలోనే ఉంటుంది. దాని ఎత్తు ఎంతన్నది అనవసరం. అందుకని రిసీవరు ముందుగా ఎత్తుపల్లాలను ఒక్క వేటున నరికి చదును చేస్తుంది. ఆ తర్వాత ఊగే వేగాన్ని మాత్రం కొలుస్తుంది. మామూలు పీ25లో ఈ లెక్క కుదురుతుంది. మూల ఫ్రీక్వెన్సీ నుంచి 600 హెర్ట్జ్ పైకి, కిందికి, లేదా 1,800 హెర్ట్జ్ పైకి, కిందికి - ఈ నాలుగు మెట్లే నాలుగు రకాల సింబల్స్. ఒక్క టవరే ఉన్న చోట పాత స్కానర్ వీటిని చక్కగా ఏరుకుంటుంది. సైమల్‌కాస్ట్‌లో మాత్రం చాలా వ్యవస్థలు వేరే రకం మాడ్యులేషన్ వాడతాయి. అతివ్యాప్తి ఉన్న చోట, అంటే టవర్ల పరిధులు ఒకదాని మీద ఒకటి పడే చోట, ఆలస్యాన్ని అది మరికాస్త ఓర్చుకుంటుంది. కానీ అందులో తరంగం ఎత్తు కూడా మారుతూ ఉంటుంది, ఆ మార్పుకూ అర్థముంటుంది.

కలంకారీ బొమ్మను తీసుకెళ్ళి బజార్లో ముదురు జెరాక్స్ తీయిస్తే ఏమవుతుంది? గీతలు మిగులుతాయి, రంగుల ఛాయలు పోతాయి. బొమ్మ బాగా పెద్దదై, స్పష్టంగా ఉన్నప్పుడు గీతలతోనే అది నెమలని పోల్చుకోవచ్చు. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డ కాగితాన్ని అలా జెరాక్స్ తీస్తే నల్లటి మరక తప్ప ఏమీ మిగలదు. పాత స్కానర్ చేసేది అదే. తరంగాలు చెల్లయి శూన్యం పడిన క్షణంలో ఇంకో ఘోరం జరుగుతుంది. ఎత్తును చదును చేసే యంత్రాంగం, అక్కడ మిగిలిన పిసరంత రొదనే సాగదీసి నిండు సిగ్నల్ అని చూపిస్తుంది. తరంగం ఒక్కసారిగా దిక్కు మార్చుకున్నట్టు కొలతలో ముల్లు ఎగిరిపడుతుంది. స్కానర్ దాన్ని అక్షరమనే చదువుతుంది.

తప్పులు కొన్నయితే పరవాలేదు. మొదటి తరం పీ25 గొంతును సెకనుకు 4,400 బిట్లలో కుదిస్తుంది, దానికి కాపలాగా తప్పులు దిద్దే మరో 2,800 బిట్లు కలుపుతుంది. అంత కాపలా ఉంది కాబట్టే కొంతవరకూ తప్పులున్న సంగతే చెవికి తెలియదు. ఆ హద్దు దాటిందా, ఇక మాట మెల్లగా మసకబారదు, ధబాలున కూలిపోతుంది. పాత అనలాగ్ సెట్టులో రొద పెరుగుతున్న కొద్దీ మనిషి చెవి వెతుక్కుంటూ మాటను పోల్చుకునేది. రెండు టవర్ల మాట కలిసినా, బలమైనది బలహీనమైనదాన్ని నొక్కేసేది. ఎఫ్ఎంకు ఆ మంచి గుణం ఉంది. డిజిటల్‌లో గంటు పడితే ముక్కుతో మాట్లాడే మరబొమ్మ గొంతు వస్తుంది, లేదా అదీ రాదు.

ఇక్కడ 'ట్రంకింగ్' అనే ఇంకో ముడి ఉంది. కర్నూలు ఉల్లి మార్కెట్ యార్డును ఊహించుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. యాభై మంది రైతులు బస్తాలతో వస్తారు. కాటాలు అయిదే ఉంటాయి. ప్రతి రైతూ తన కాటా తెచ్చుకోడు, ఏది ఖాళీ అయితే దాని దగ్గరికి పిలుస్తారు. ట్రంకింగ్‌లో కాటాలు ఫ్రీక్వెన్సీలు, పిలిచే గుమాస్తా కంట్రోల్ ఛానల్. ట్రాఫిక్ వాళ్ళ మాట ఈ నిమిషం మూడో ఫ్రీక్వెన్సీ మీద, మరు నిమిషం అయిదో దాని మీద నడుస్తుంది. స్కానర్ ఆ గుమాస్తా కేకను ఎడతెగకుండా వినాలి. సైమల్‌కాస్ట్ దెబ్బకు ఆ కేకే చెడిపోతే మాట ఎక్కడ మొదలైందో కూడా దానికి తెలియదు. చాలామంది స్కానర్ 'మౌనంగా ఉంది' అనుకునే సందర్భాల్లో జరిగేది ఇదే, యార్డులో బేరాలు జోరుగా సాగుతుంటాయి, పిలుపు వినబడని రైతు బస్తా మీద కునుకు తీస్తుంటాడు.

పోలీసుల సొంత సెట్లకు ఈ బాధ చాలావరకూ లేదు. అవి ఆ మాడ్యులేషన్ కోసమే తయారైనవి, తరంగం ఎత్తునూ, ఊపులో అది ఎక్కడుందో చెప్పే దశనూ కలిపి కొలుస్తాయి, ఆలస్యమైన ప్రతిధ్వనిని లెక్కగట్టి తీసేస్తాయి. స్కానర్ తయారీదారులకు ఆ తెలివి రావడానికి ఏళ్ళు పట్టింది. యూనిడెన్ కంపెనీ బీసీడీ436హెచ్‌పీ, విస్లర్ కంపెనీ టీఆర్ఎక్స్-1 వంటి పేరున్న చేతి స్కానర్లు కూడా ఒక్క టవరున్న చోట హాయిగా పనిచేసి, సైమల్‌కాస్ట్ ఊళ్ళో తడబడ్డాయి. అందుకే కొందరు అభిరుచిగలవాళ్ళు స్కానర్లు పక్కన పెట్టి, ఫైర్ స్టేషన్ల వాళ్ళు నడుముకు తగిలించుకునే యూనికేషన్ పేజర్లు కొనడం మొదలుపెట్టారు. స్కానర్ కాని ఆ డబ్బా స్కానర్ కంటే బాగా వినిపించేది! 2018లో యూనిడెన్ ఎస్‌డీఎస్100 తెచ్చింది. ఎత్తుపల్లాలను నరికేయకుండా తరంగాన్ని 'ఐ', 'క్యూ' అని రెండు కొలతలుగా అంకెల్లోకి మార్చి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌తో చదివే చేతి స్కానర్ అది. జెరాక్స్ మాని రంగుల ఫొటో తీసినట్టు. అది కూడా అన్ని చోట్లా నూటికి నూరు పలకదు. జానెడు దూరంలో పడే శూన్యాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నింపలేదు, అక్కడ చదవడానికే ఏమీ లేదు.

పాత సెట్టున్నవాళ్ళ చిట్కాలు వినడానికి మొరటుగా ఉంటాయి కానీ వెనక లెక్క ఉంది. మొదటిది, యాంటెన్నాను పొట్టిది చేయడం, లేదా సిగ్నల్‌ను కావాలని తగ్గించడం. దూరపు టవర్ల ప్రతిధ్వనులు రొదలో మునిగిపోయి, దగ్గరి టవరొక్కటే మిగిలితే మాట తేటపడుతుంది. అయితే ఇది సర్వరోగ నివారిణి అన్న ప్రచారం నమ్మదగ్గది కాదు. రెండు టవర్లూ సమాన బలంతో ఉన్న చోట రెండూ సమానంగా తగ్గుతాయి, తగాదా అలాగే ఉంటుంది. రెండోది, ఒంటిని గోడలా వాడుకోవడం. నీళ్ళు నిండిన మనిషి శరీరం రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. సెట్టును ఛాతీకి ఆనించి గిర్రున తిరిగితే వెనకున్న టవర్ బలం తగ్గే దిక్కు ఒకటి దొరుకుతుంది. మూడోది అన్నిటికంటే మేలైనది, ఒక దిక్కుకే చెవి పెట్టే యాగీ యాంటెన్నా. అల్యూమినియం కడ్డీల ఆ నిచ్చెనను రాయలసీమలో ఎవరికీ పరిచయం చేయక్కర్లేదు. నలభై ఏళ్ళ కిందట మిద్దె మీద ఇంటాయన తిప్పింది దాన్నే. ప్లేనోలో ఇంజనీరు ఇంటి అటకలో ఇప్పుడు తిప్పుతున్నదీ దాన్నే. దెయ్యం వచ్చే దిక్కుకు వీపు చూపించడమే దానికి తెలిసిన మంత్రం.

కొత్త రేడియో పద్ధతులు ఈ దెయ్యంతో యుద్ధం మానేసి సంధి చేసుకున్నాయి. 4జీ టవర్ సమాచారాన్ని ఒకే వేగమైన ధారగా పంపదు, వందల సన్నటి ధారలుగా చీల్చి నిదానంగా పంపుతుంది. ప్రతి సింబల్ ముందూ 4.7 మైక్రోసెకన్ల కాపలా వ్యవధి ఉంచుతుంది. అంటే 1.4 కిలోమీటర్ల లోపు తేడాతో వచ్చే ప్రతిధ్వనులన్నీ ఆ వ్యవధిలోనే వచ్చి సద్దుమణుగుతాయి. యూరప్ మొదటి తరం డిజిటల్ టీవీలో ఆ వ్యవధి 224 మైక్రోసెకన్ల దాకా పెంచుకోవచ్చు, దూరంలో చెబితే 67 కిలోమీటర్లు. అక్కడ దేశంలో ఎన్ని టవర్లయినా ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిక్షేపంగా నడుస్తాయి. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ టీవీ కోసం చేసిన చవక చిప్పు, ఆర్‌టీఎల్2832యూ, ముడి తరంగాన్ని ఐ, క్యూ కొలతలుగానే కంప్యూటర్‌కు ఇస్తుందని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు కనిపెట్టారు. దాంతో పెన్‌డ్రైవ్ అంత టీవీ స్టిక్కు, దానికో ఉచిత సాఫ్ట్‌వేరు కలిపి, వందల డాలర్ల స్కానర్ వినలేని సైమల్‌కాస్ట్‌ను తేటగా వినిపించాయి. ఖరీదుకూ పనితనానికీ ఇంతగా చెడిన సందర్భాలు ఎలక్ట్రానిక్స్‌లో అరుదు.

ఇదంతా చదివి కర్నూలులో ఎవరైనా స్కానర్ తెప్పించుకోవాలనుకుంటే ఆగాలి. మన దేశంలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గరుంచుకోవడం 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ నేరమే. 1980ల మధ్య దాకా మామూలు రేడియోకు కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన తరం ఇంకా ఇళ్ళలో ఉంది. ఆ చట్టం స్థానంలోకి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. పోలీసుల మాటలు చాటుగా వినడం ఇక్కడ హాబీ కాదు, కేసు. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అనుమతి లేని వాకీటాకీలను అమ్మకానికి పెట్టిన ఆన్‌లైన్ అంగళ్ళకు నోటీసులిచ్చింది, తర్వాత మార్గదర్శకాలూ తెచ్చింది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. రేడియో మీద నిజంగా మోజుంటే పరీక్ష రాసి హామ్ లైసెన్సు తీసుకోవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఎంతోమంది తెలుగువాళ్ళకు ఆ దారి చూపింది.

భారతదేశంలో డిజిటల్ ట్రంకింగ్ అంటే ఎక్కువగా టెట్రా. 2010 కామన్వెల్త్ క్రీడలకు ఢిల్లీ దాన్ని వాడింది, మెట్రో రైళ్ళలో డ్రైవర్లూ కంట్రోల్ రూమూ మాట్లాడుకునేది దాని మీదే. పుట్టింది యూరప్‌లో. దాని సింబల్ నిడివి 55 మైక్రోసెకన్లే, పీ25లో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. అంత పొట్టి అక్షరాలతో సైమల్‌కాస్ట్‌కు దిగడం కొరివితో తల గోక్కోవడమే. అందుకని టెట్రా సాధారణంగా పక్కపక్క టవర్లకు వేర్వేరు ఫ్రీక్వెన్సీలిస్తుంది, సెట్టే దానంతటది టవర్ మార్చుకుంటుంది. కర్నూలు, డోన్ మీదుగా పోయే సికింద్రాబాద్-గుంతకల్లు రైలు మార్గంలో, రైళ్ళు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ కూడా ఇంజనుకూ స్టేషనుకూ మధ్య రేడియో మీదే ఆధారపడింది. అక్కడ వినేది మనిషి కాదు, బ్రేకు.

లైసెన్సు లేకుండా ఈ దెయ్యాన్ని కలవాలంటే ఒక మార్గముంది. కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఎఫ్ఎం రేడియో పెట్టండి. ఒక్కోసారి కారు ఆగిన చోటే పాట బుసబుసమంటూ తెగిపోతుంది. అక్కడ ఎఫ్ఎం తరంగం పొడవు మూడు మీటర్లు. టవర్ నుంచి నేరుగా వచ్చింది ఒకటి, ఎదుటి మేడ గోడకు కొట్టుకుని వచ్చింది ఒకటి, రెండూ సరిగ్గా యాంటెన్నా దగ్గర చెల్లయ్యాయి. ముందున్న ఆటో మూడడుగులు కదిలాక, కారును కూడా అంతే కదపండి. పాట తిరిగి వస్తుంది. వెనక బండివాడు హారన్ కొడతాడు, అది వేరే సంగతి.